సున్నపు గుండు నుంచి పొర తీసి, బొగ్గు కాలపు అడవిని లెక్కపెట్టడం: నా అనుభవం

బొగ్గు సీమ్‌లో, అంటే భూమి లోపల పరుచుకున్న బొగ్గు పొరలో, అక్కడక్కడ బొగ్గు కాని గుండ్లు తగులుతాయి. పిడికిలంత ఉండేవి ఉంటాయి, ఇద్దరు పట్టి లేపాల్సినవీ ఉంటాయి. గని మనుషులకు అవి తలనొప్పి. మిషన్ పళ్లు విరుగుతాయి, బొగ్గులో రాయి కలుస్తుంది. మొక్కల శిలాజాలు చదివేవాళ్లకు మాత్రం అంతకన్నా మంచి సరుకు దొరకదు. వీటిని కోల్ బాల్స్ అంటారు. తడి ఆకులూ వేళ్లూ బెరడూ కుప్పపడి ఇంకా పీట్‌గా, అంటే సగం కుళ్లిన మొక్కల మెత్తటి పొరగా, ఉన్న రోజుల్లోనే, కాల్షియం కార్బొనేట్ వాటి కణాల్లోకి దిగి గట్టిపడింది. తర్వాత మీద పడిన బరువుకు చుట్టూ ఉన్న పీట్ అణిగిపోయి బొగ్గయింది, గుండు లోపలిది మాత్రం అణగలేదు. అందుకే కోసి చూస్తే వేరు గుండ్రంగానే, కణం గోడ గోడలాగే కనిపిస్తుంది.

వీటి గురించి 1855లోనే ఇంగ్లండ్‌లో హూకర్, బిన్నీ రాశారు. ఆ సున్నం ఎక్కడిదన్న ప్రశ్నకు 1908లో మేరీ స్టోప్స్, వాట్సన్ ఇచ్చిన జవాబు సముద్రపు నీరు అని. (తర్వాత కుటుంబ నియంత్రణ ఉద్యమంతో పేరు మోసిన స్టోప్స్ ఈమే. అంతకు ముందు బొగ్గు మొక్కల మీదే పనిచేసింది.) అన్ని గుండ్లకూ ఆ ఒక్క జవాబే సరిపోతుందని నేను అనుకోను. కానీ సీమ్ పైన సముద్రపు గవ్వలున్న షేల్ (బురద గట్టిపడిన పలకల రాయి) ఉన్నచోట కోల్ బాల్స్ ఎక్కువగా దొరకడం నిజమే.

ఇక్కడ చెప్పేది అమెరికాలో ఇలినాయ్ బేసిన్ అనే బొగ్గు ప్రాంతపు గుండ్ల గురించి, ముఖ్యంగా హెరిన్ సీమ్ గురించి. వయసు దాదాపు 31 కోట్ల ఏళ్లు. అప్పుడు ఆ నేల భూమధ్యరేఖ పక్కనే ఉంది. చదునుగా, సముద్ర మట్టానికి కాస్త ఎత్తులో, ఎటు చూసినా చిత్తడి అడవి. ఆ అడవి ఏమిటో, దాని మీద పడ్డ వానలు ఎలాంటివో తెలుసుకోవడానికి గుండులోంచి అసిటేట్ పొర తీస్తాం. చాలామంది దీన్నే పీల్ అంటారు.

కోత

కోసేముందు ఒక్క విషయం రాసిపెట్టుకోవాలి. గుండు సీమ్‌లో ఎక్కడిది, రూఫ్ (సీమ్ మీద కప్పులా ఉన్న రాయి) నుంచి ఎన్ని సెంటీమీటర్ల కింద ఉంది, ఏ వైపు పైకి ఉంది. ఇది గనిలోనే రాయాలి. బయటికొచ్చాక ఎవరికీ గుర్తుండదు. పైవైపు బాణం గుర్తు లేని గుండు మొక్కల నిర్మాణం చూడడానికి పనికొస్తుంది, వాతావరణం చెప్పడానికి సగం విలువ పోయినట్టే.

డైమండ్ బ్లేడ్ రంపంతో, పొరల వరసకు అడ్డంగా, అంటే నిలువుగా కోస్తాను. పలక మందం ఒకటిన్నర నుంచి రెండున్నర సెంటీమీటర్లు ఉండాలి. అంతకన్నా పలచగా కోస్తే నాలుగైదు సార్లు సాన పట్టేసరికి విరుగుతుంది. బ్లేడ్‌ను చల్లబరచడానికి నీళ్లే వాడాలి. రాళ్లు కోసే రంపాల్లో నూనె పోసే అలవాటు చాలాచోట్ల ఉంది. ఆ నూనె పలక సన్న రంధ్రాల్లోకి దిగితే ఆ తర్వాత ఆమ్లం సరిగ్గా తినదు, ఫిల్మ్ సరిగ్గా అంటదు. ఒకసారి నూనె తాగిన పలకను బాగుచెయ్యడం దాదాపు కుదరదు.

ప్రతి కోత ముఖానికీ ఒక అక్షరం, అది పైముఖమో కిందిముఖమో, ఆ తర్వాత పొర సంఖ్య. ఉదాహరణకు 412వ గుండు, బి ముఖం, కింద, 7వ పొర. పేరు పెట్టే వరస ఏదైనా ఫర్వాలేదు, మధ్యలో మార్చకూడదు. ఫిల్మ్ మీద ఇండియన్ ఇంకుతో రాయాలి. బాల్ పెన్, మార్కర్ గీతలు అసిటోన్ తగిలితే కరిగి పాకుతాయి.

సాన

మందంగా ఉన్న గాజు పలక మీద సిలికాన్ కార్బైడ్ పొడి, కాసిని నీళ్లు వేసి రుద్దుతాను. మొదట 220 నంబరుతో రంపం గీతలు పోవాలి, తర్వాత 400, చివర 600. ఎనిమిది అంకె తిప్పుతూ రుద్దితే పలక ఒక వైపే అరగకుండా సమంగా అరుగుతుంది. నంబరు మార్చేటప్పుడు పలకనూ చేతులనూ బాగా కడగాలి. 220 రవ్వ ఒక్కటి 600 పొడిలో పడిందంటే పొడుగాటి గీత పడుతుంది, ఆ గీత అలాగే పొరలోకి వస్తుంది. సూక్ష్మదర్శినిలో అది కణాల గోడలా కనిపించి కొత్తవాళ్లను మోసం చేస్తుంది.

అద్దంలా మెరిపించాల్సిన పనేమీ లేదు. 600 దగ్గర ఆపెయ్యొచ్చు. ఇంకా నునుపు చేస్తే నాకు తేడా కనిపించలేదు.

ఆమ్లం

హైడ్రోక్లోరిక్ ఆమ్లం, దాదాపు 5 శాతం. గాఢ ఆమ్లం 50 మి.లీ.ను 950 మి.లీ. నీళ్లలో పోస్తాను. ఆమ్లమే నీళ్లలోకి వెళ్లాలి, నీళ్లు ఆమ్లంలోకి కాదు. ప్లాస్టిక్ ట్రేలో పలకను ముఖం పైకి పెట్టి, ఆమ్లం దాని మీదుగా పారేలా ట్రేని మెల్లగా అటూ ఇటూ వంచుతూ ఉండాలి. బుడగలు ముఖం మీదే నిలిచిపోతే ఆ చుక్క కింద ఆమ్లం తినదు. పొరలో అక్కడ తెల్లటి గుండ్రటి ఖాళీ మిగులుతుంది.

కొత్త ఆమ్లంలో శుద్ధ కాల్సైట్ (కాల్షియం కార్బొనేట్ ఖనిజం) గుండుకు 10 నుంచి 15 సెకన్లు చాలు. అదే ఆమ్లంలో అయిదారు పలకలు ముంచాక 30 సెకన్లు పడుతుంది. డోలమైట్ (మెగ్నీషియం కూడా ఉన్న కార్బొనేట్ ఖనిజం) కలిసిన గుండు ఇంకా నెమ్మది, చాలాసేపు ఉంచాలి. కాబట్టి గడియారం కన్నా బుడగను నమ్మండి. నురగ బాగా వచ్చి తగ్గుముఖం పట్టేలోగా తియ్యాలి. ఎక్కువసేపు ఉంచితే ఏమవుతుందో తెలియాలంటే లోపల జరిగేది తెలియాలి.

ఆమ్లం సున్నాన్ని తింటుంది, కణం గోడను తినదు. ఆ గోడ మొక్క అసలు గోడ తాలూకు కర్బనమే, 31 కోట్ల ఏళ్ల నాటిది. చుట్టూ రాయి కరిగి కొన్ని పదుల మైక్రాన్ల లోతు దిగగానే గోడలు ఆధారం లేకుండా పైకి నిలబడతాయి. కొద్దిగా నిలబడితే నిటారుగా ఉంటాయి. ఎక్కువ నిలబడితే నీటి బరువుకే వాలిపోతాయి, పొరలో కణాలు ఒకదాని మీద ఒకటి పడినట్టు కనిపిస్తాయి. అలాంటి పొరను చూసి, ఇది నలిగిన కణజాలమని రాసిన నోట్సు నేను చూశాను. నలిగింది మొక్క కాదు, ఆమ్లం సమయం.

తీశాక కడగడం. కొళాయి కింద నేరుగా పెట్టకూడదు. పలకను వంచి పక్క అంచు మీద నీళ్లు పోస్తే అవే మెల్లగా ముఖం మీదుగా జారతాయి. ఇక అప్పటినుంచి ఆ ముఖాన్ని ఏదీ తాకకూడదు. వేలు వద్దు, గుడ్డ వద్దు, టిష్యూ అసలే వద్దు. ఒక్క వేలిముద్ర పడినా ఆ మేర గోడలన్నీ పడుకుంటాయి. నిలువుగా ఆనించి గాలికి ఆరనివ్వాలి. తొందరగా ఉంటే చివర్లో కొంచెం అసిటోన్ పోసి నీటిని దింపేయవచ్చు.

ఫిల్మ్

సెల్యులోజ్ అసిటేట్ ఫిల్మ్, 50 నుంచి 75 మైక్రాన్ల మందం. ఇక్కడే ఎక్కువమంది దెబ్బతినేది. పారదర్శకంగా ఉంది కదా అని ప్రొజెక్టర్‌కు వాడే ఓహెచ్‌పీ షీటు తెస్తారు. అందులో ఎక్కువ భాగం పాలిస్టర్. అసిటోన్ దాన్ని ఏమీ చెయ్యలేదు. ఎంతసేపు ఆరబెట్టినా ఊరికే ఊడి వస్తుంది. కొనేముందు ఒక మూల ముక్కను అసిటోన్‌లో వెయ్యండి. మెత్తబడి జిగురైతే అసిటేట్. అలాగే ఉంటే తిరిగి ఇచ్చెయ్యండి.

ఫిల్మ్‌ను పలక కన్నా నాలుగు వైపులా రెండు సెంటీమీటర్లు పెద్దగా కత్తిరించుకోవాలి. పలకను ఇసుక ట్రేలో కూర్చోబెట్టి ముఖం సమతలంగా ఉండేలా సర్దాలి. వాలు ఉంటే అసిటోన్ ఒక పక్కకు జారి రెండో పక్క ఎండిపోతుంది. అసిటోన్‌ను ముఖమంతా నిండేలా ఒక్క ఊపులో పోసి, ఫిల్మ్‌ను రెండు చేతులతో చేటలా వంచి, మధ్య భాగం ముందు తగిలేలా దించి, రెండు వైపులూ వదిలెయ్యాలి. అసిటోన్ తనే గాలిని అంచులకు తోసుకుంటూ పోతుంది. ఇదంతా మూడు నాలుగు సెకన్ల పని. వేళ్లతో నొక్కాలని చెయ్యి దురద పెడుతుంది, నొక్కకండి. నొక్కినచోట అసిటోన్ పక్కకు పోయి, ఫిల్మ్ గోడల చుట్టూ పారకుండానే ఆరిపోతుంది.

ఇలా మెత్తబడిన అసిటేట్ నిలబడిన గోడల మధ్యకు దిగి, వాటిని పట్టుకుని గట్టిపడుతుంది. లాగినప్పుడు గోడలు రాయి దగ్గర విరిగి ఫిల్మ్‌తో వచ్చేస్తాయి. పీల్ అంటే అచ్చు కాదు, ఆ మొక్క ముక్కే. ఈ తేడా మనసులో ఉంటే పొరను చూసే పద్ధతే మారుతుంది.

1928లో వాల్టన్ ద్రవాన్ని పోసి ఆరబెట్టి పొర తీసే పద్ధతి చూపించాడు. అందులో ఆరడానికి చాలా సమయం పట్టేది. సిద్ధంగా ఉన్న అసిటేట్ షీటుతో త్వరగా చేసే ఈ పద్ధతిని 1956లో జాయ్, విల్లిస్, లేసీ ప్రచురించారు. అంతకు ముందు రాయిని పలచగా అరగదీసి చూసేవారు. ఒక్కో కోతకు మిల్లీమీటర్ల మేర రాయి పొడైపోయేది. ఇప్పుడు అదే ముఖం నుంచి పదులకొద్దీ పొరలు తీయవచ్చు.

చిన్న పలకకు అరగంట, అరచేయి కన్నా పెద్దదానికి రాత్రంతా. తొందరపడి తీస్తే మెత్తగా ఉన్న ఫిల్మ్ సాగుతుంది, గుండ్రటి కణాలు కోడిగుడ్డు ఆకారానికి వస్తాయి. రెండు మూడు రోజులు మరిచిపోతే పెళుసెక్కి లాగేటప్పుడు చీలుతుంది. మూల ఒకటి పట్టుకుని, పలకకు దగ్గరగా వంచుతూ ఒకే వేగంతో లాగాలి.

పొర మీద పాలలాంటి తెల్లటి మచ్చలు వస్తే అది తేమ. అసిటోన్ ఆవిరయ్యేటప్పుడు ముఖం చల్లబడి గాలిలోని తేమను లాక్కుంటుంది. విజయవాడలో జులై నెల గాలి ఉన్న రోజున ఈ పని పెట్టుకోకూడదు. తప్పనిసరైతే తేమ తీసే ఏసీ గదిలో చెయ్యాలి. కాకపోతే అసిటోన్ ఆవిరి పోయే దారి ఉండాలి, దరిదాపుల్లో మంటగానీ నిప్పురవ్వ వచ్చే మోటారుగానీ ఉండకూడదు. పలచటి నైట్రైల్ గ్లౌజులు అసిటోన్‌కు కొద్ది నిమిషాలే ఆగుతాయి. వాటిని నమ్ముకుని చెయ్యి ముంచవద్దు.

పగులున్న పలకతో ఇంకో ఇబ్బంది ఉంది. పగులు అసిటోన్‌ను తాగేస్తుంది, దాని వెంబడి బుడగల వరస వస్తుంది. సాన పట్టేముందే పగుళ్లలో ఎపాక్సీ నింపుకోవాలి.

తర్వాతి పొరకు పాత గోడల మొదళ్లు పూర్తిగా పోయేదాకా 600తో మళ్లీ రుద్దాలి. సాధారణంగా పదిహేను ఇరవై తిప్పులు. పలకను పక్క వెలుతురుకు వంచి చూస్తే ముఖమంతా ఒకే మెరుపుతో ఉండాలి. మసక మచ్చలున్నాయంటే పాత మొదళ్లు ఇంకా ఉన్నట్టు. ఎక్కువ రుద్దితే రెండు పొరల మధ్య ఉన్నది శాశ్వతంగా పోతుంది. కాండానికి అది నష్టం కాదు. విత్తనం లోపలి పిండం, బీజకోశం కొన వంటివైతే అంతే సంగతులు. అలాంటి చోట తిప్పులు లెక్కపెట్టి, ప్రతి పొరకూ అన్నే తిప్పాలి.

ఇలినాయ్ రాయి చేతికొచ్చేదాకా ఆగనక్కర్లేదు. చేతివాటం కుదరడానికి ఇళ్లలో పరిచే కడప బండ ముక్క చాలు. అదీ సున్నపురాయే. మొక్కలు పుట్టక చాలా ముందటిది కాబట్టి కణాలేమీ రావు, కానీ ఆమ్లం సమయం, ఫిల్మ్ దించడం, బుడగల సంగతి అన్నీ దాని మీదే నేర్చుకోవచ్చు.

చూసేటప్పుడు మోసపోయే చోట్లు

సూక్ష్మదర్శిని కింద పెట్టేముందు పొరను పలచటి ఆమ్లంలో రెండు నిమిషాలు ముంచి కడిగి ఆరబెడితే, అంటుకొచ్చిన సున్నం పొడి పోయి చిత్రం తేటపడుతుంది. కావలసిన భాగం కత్తిరించి స్లైడు మీద అతికేటప్పుడు పైన బరువు పెట్టాలి, లేకపోతే ఫిల్మ్ చుట్టుకుంటుంది. మెరిసే వైపు నుంచి చూస్తే రాయి మీద ఉన్న దిక్కే కనిపిస్తుంది, మసక వైపు నుంచి చూస్తే అద్దంలో చూసినట్టు తారుమారు. ఎప్పుడూ ఒకే వైపు అతకండి.

మొదట కంటపడేవి స్టిగ్మేరియా పిల్లవేళ్లు. లైకాప్సిడ్ చెట్ల (ఇప్పటి చిన్న క్లబ్‌మాస్ మొక్కల చుట్టాలైన, అంతరించిన పెద్ద చెట్లు) వేళ్ల నుంచి బ్రష్షు కుచ్చులా బయలుదేరిన సన్నటి వేళ్లివి. అడ్డకోతలో బయట ఒక వలయం, మధ్యలో ఖాళీ, ఆ ఖాళీలో ఒక పక్కగా చిన్న నాళపు చుక్క. గాజులో ఆవగింజ పడినట్టుంటుంది. హెరిన్ గుండ్లలో ఇవి లేని చదరపు సెంటీమీటరు అరుదు. పైగా ఇవి అప్పటికే రాలిపడిన బెరడులోకి, విత్తనంలోకి, ఇంకో వేరులోకీ దూరి ఉంటాయి. కొత్తగా చూసేవాళ్లు కాండం లోపల వలయం చూసి అది ఆ కాండానిదే అనుకుంటారు. దాని చుట్టూ కణాలు పక్కకు తోసి ఉన్నాయా చూడండి. ఉంటే అది తర్వాత దూరిన అతిథి.

లైకాప్సిడ్ మాను మీటరు అడ్డంగా ఉన్నా లోపల కలప కొన్ని సెంటీమీటర్లే. చెట్టును నిలబెట్టింది బెరడు. పొరలో ఆ బెరడు ఇటుక వరసల్లా, వ్యాసం దిశగా సాగిన కణాలతో ఉంటుంది. ముప్పై మీటర్ల చెట్టు కలప మీద కాక బెరడు మీద నిలబడిందంటే ఇప్పటి చెట్లు చూసిన కంటికి నమ్మబుద్ధి కాదు.

సారోనియస్ అనేది చెట్టంత ఫెర్న్. దీని అసలు కాండం సన్నగా ఉండి, చుట్టూ వేళ్లు దుప్పటిలా కప్పుకుంటాయి. ఆ వేరు మధ్యలో అయిదారు కోణాల నక్షత్రం, చుట్టూ గాలి గదులతో స్పంజిలాంటి కణజాలం ఉంటాయి. మెడుల్లోసా విత్తనాలు కాసే ఫెర్న్ ఆకుల మొక్క. దాని కాండంలో రెండు మూడు నాళ స్తంభాలు విడివిడిగా, ఒక్కోదాని చుట్టూ దాని సొంత కలపతో ఉంటాయి. ఆకు కాడ కోస్తే నాళాలు చెల్లాచెదురుగా, కొబ్బరి మట్టను అడ్డంగా కోసినట్టే కనిపిస్తాయి. గుర్రపుతోక మొక్కల చుట్టాలైన కలమైట్స్‌కు బోలు మధ్యభాగం, దాని అంచున కాలువల వలయం. కోనిఫర్‌ల చుట్టాలైన కార్డైట్స్‌కు మాత్రం ఇప్పటి అరౌకేరియా అనే కోనిఫర్‌ను తలపించే దట్టమైన అసలు కలప.

నల్లగా, గాజు పెంకుల్లా విరిగిన గోడలు కనిపిస్తే అది మసిబొగ్గు, అంటే అడవి కాలింది. చిత్తడి అడవి కూడా కాలుతుంది. కాబట్టి ఒకటి రెండు ముక్కలు చూసి కరువు అని రాసెయ్యకూడదు.

లెక్క

సూక్ష్మదర్శిని దగ్గర మురిసిపోవడం వేరు, వాతావరణం చెప్పడం వేరు. రెండోదానికి లెక్క కావాలి. ఇలినాయ్‌లో టామ్ ఫిలిప్స్, ఆయనతో పనిచేసినవాళ్లు 1970లలో స్థిరపరిచిన పద్ధతే నేనూ వాడతాను. పొర మీద సెంటీమీటరు గడుల పారదర్శక వల పరిచి, ప్రతి గడికీ అందులో ఎక్కువ చోటు ఆక్రమించిన మొక్క ఏది, ఏ భాగం అన్నది రాయాలి. ఒక గుండుకు ఒక మధ్య ముఖం సరిపోతుంది. సీమ్‌ను పైనుంచి కిందికి మండలాలుగా విడగొట్టి, ఒక్కో మండలం నుంచి వీలైనన్ని గుండ్లు తీసుకోవాలి. ఒక గుండులో ఒకే మాను పడి ఉండొచ్చు. దాన్నిబట్టి అడవంతా అదే అనుకోవడం ఒక మెతుకు చూసి అన్నమంతా చెప్పడమే. ఈ అన్నం ఒకే కుండలో ఉడకలేదు.

వేళ్లను విడిగా లెక్కపెట్టాలి. వేళ్లు పైనుంచి దిగి పాత పీట్‌లోకి చొరబడతాయి కాబట్టి అవి ఆ పొర కాలానివి కాకపోవచ్చు. అడవిలో ఏ మొక్క ఎంత ఉందో కాండం, ఆకు, బీజభాగాల నుంచే తీయాలి. వేళ్ల లెక్క ఇంకో పనికి వస్తుంది. పైభాగాలకూ వేళ్లకూ ఉన్న నిష్పత్తి తక్కువగా ఉంటే, రాలినవి గాలి తగిలి కుళ్లిపోయి వేళ్లు మాత్రం మిగిలాయన్నమాట. అంటే నీటి మట్టం దిగిన కాలం. నిష్పత్తి ఎక్కువుంటే రాలింది రాలినట్టు నీళ్లలో మునిగి నిలిచింది.

హెరిన్‌లో ఇలా లెక్కపెడితే లైకాప్సిడ్‌లదే పైచేయి. వీటిలో కొన్నిటి బీజభాగం, లెపిడోకార్పన్, నీళ్ల మీద తేలిపోవడానికి అనువైనది. నీళ్లు నిలిచిన నేల అనడానికి అది గట్టి ఆధారం. అదే బేసిన్‌లో ఇంకా పైకి, 30.6 కోట్ల ఏళ్ల ప్రాంతం దాటిన సీమ్‌లకు వెళ్తే లెక్క తలకిందులవుతుంది. పెద్ద లైకాప్సిడ్‌లు దాదాపు మాయం, సారోనియస్ ఫెర్న్‌లు రాజ్యమేలతాయి. సారోనియస్ తేలికైన సిద్ధబీజాలు గాలికి ఎగిరిపోతాయి, అది చౌక కణజాలంతో త్వరగా పెరుగుతుంది. మధ్య మధ్య పొడిబారే నేలను లైకాప్సిడ్ కన్నా ఇది బాగా తట్టుకుంది.

కలపలో ఏటి వలయాలు లేవు కాబట్టి రుతువులే లేవని చాలాచోట్ల రాస్తారు. కార్డైట్స్ విషయంలో ఆ మాటకు బరువుంది. లైకాప్సిడ్ విషయంలో లేదు. దాని ఎదుగుదల తీరే వేరు, వలయాలు వేసే అలవాటే దానికి ఉందో లేదో ముందు చూడాలి.

సీమ్ చూపించని సగం

పొరలు తీసి తీసి నేను చేరిన అభిప్రాయం ఒకటే. కోల్ బాల్ తడి కాలాన్ని మాత్రమే చూపిస్తుంది. ఏడాదిలో చాలా భాగం ఆవిరి కన్నా వాన ఎక్కువ ఉంటేనే పీట్ పేరుకుంటుంది. పొడి కాలంలో పీట్ ఉండదు, పీట్ లేకపోతే గుండూ ఉండదు. బొగ్గు కాలపు ఉష్ణమండలమంటే ఎడతెగని వాన అన్న మాట ఇక్కడి నుంచే పుట్టింది. తడిసినచోట మాత్రమే వెతికి, అంతా తడే అని తేల్చినట్టు.

పొడి సగం సీమ్ కింద ఉంటుంది. ఇలినాయ్‌లో పొరల వరస మళ్లీ మళ్లీ తిరిగి వస్తుంది. కింద ఇసుకరాయి, దాని మీద పాత నేల, బంకమట్టి, బొగ్గు, నల్ల షేల్, సముద్రపు సున్నపురాయి. ఈ చక్రాన్ని సైక్లోథెమ్ అంటారు. ఆ పాత నేలల్లో కొన్ని ఎర్రగా ఉంటాయి. లోపల వంకర తలాలు, ఒకదాని మీద ఒకటి రుద్దుకుని అద్దంలా మెరుస్తూ దొరుకుతాయి. కర్నూలు, గుంటూరు నల్లరేగడి చూసినవాళ్లకు ఇది చెప్పనక్కర్లేదు. వానకు ఉబ్బి ఎండకు నెర్రెలిచ్చే నేల అది. వాటిలో సున్నపు గుళికలు కూడా ఉంటే ఏడాదిలో పొడి నెలలు గట్టిగానే ఉన్నాయని అర్థం. అదే చోట, అదే భూమధ్యరేఖ దగ్గర, కొంత కాలం పీట్ అడవి, కొంత కాలం రేగడి నేల.

ఈ ఊగిసలాటకు మూలం ఇలినాయ్‌లో లేదు. 1936లో వాన్‌లెస్, షెపర్డ్ చెప్పినట్టు, దక్షిణాన గోండ్వానా ఖండం మీది మంచు పెరిగి తరిగినప్పుడల్లా సముద్ర మట్టం దిగి ఎక్కింది. పాత నేలల్లోని కార్బొనేటు, శిలాజ ఆకుల ఆధారంగా 2016లో మోంటానెజ్ బృందం లెక్కగట్టిన దాని ప్రకారం గాలిలో కార్బన్ డయాక్సైడ్ కూడా దాదాపు 200 నుంచి 700 పీపీఎం (పది లక్షల్లో ఇన్ని భాగాలు) మధ్య ఊగింది. మనకు ఇందులో దూరపు చుట్టరికం ఉంది. మన నేల అప్పుడు ఆ గోండ్వానాలో భాగం. కార్బోనిఫెరస్ (ఈ బొగ్గు కాలం) చివర, దాని తర్వాతి పెర్మియన్ మొదట్లో హిమానీనదాలు వదిలిన గుండ్రాళ్ల పొరలు, తాల్చిర్ పొరలు, గోదావరి లోయలో గోండ్వానా రాళ్ల అడుగున ఉన్నాయి.

అందుకే సింగరేణి బొగ్గు చూసి ఇలినాయ్ అడవిని ఊహించకూడదు. అది పెర్మియన్ కాలపు బొగ్గు. మంచు వెనక్కి తగ్గాక, భూమధ్యరేఖకు చాలా దూరంలో, చలి రుతువులున్న చోట పెరిగిన గ్లాసోప్టెరిస్ అనే విత్తనాలు కాసే చెట్ల అడవి. ఆ కాలపు గోండ్వానా కలపలో ఏటి వలయాలు కొట్టొచ్చినట్టు కనిపిస్తాయి. అక్కడ షేల్‌లో అణిగిన ఆకులు దొరుకుతాయి. వాటికి పీల్ పద్ధతి పనికిరాదు. ఆకు పైపొర బాగా మిగిలిన చోట నత్రికామ్లం, పొటాషియం క్లోరేట్‌తో నానబెట్టి దాన్ని విడదీసే దారి వేరే ఉంది.

సీమ్ పైన ఉన్నదీ సీమ్‌లోని అడవి కాదు. ఇలినాయ్‌లో రియోలా, వెర్మిలియన్ గ్రోవ్ గనుల రూఫ్‌లో వెయ్యి హెక్టార్ల మేర నిలబడి ఉన్న అడవిని 2007లో ప్రచురించారు. హెరిన్ సీమ్ మీద చివరగా నిలిచి, నేల కుంగినప్పుడు బురదలో మునిగిన అడవి అది. అలాంటి రూఫ్‌లో మొక్కలు చూసేటప్పుడు ఒక జాగ్రత్త. నిలువు మొద్దు చుట్టూ సన్నటి బొగ్గు తొడుగు ఉంటుంది, రాయికి పట్టు ఉండదు. చెప్పాపెట్టకుండా కుండలా జారి పడుతుంది. గనివాళ్లు వాటిని కెటిల్ బాటమ్ అంటారు. ఎంత అందంగా ఉన్నా వాటి కింద నిలబడి ఫొటో తీయకండి.

ఇక నిల్వ. ఇత్తడి మెరుపు కనిపించిన పలకను వేరు పెట్టెలో పెడతాను. అది పైరైటు. హైడ్రోక్లోరిక్ ఆమ్లం దాన్ని కరిగించదు, పొరలో నల్ల మచ్చగా వస్తుంది. అసలు బెడద తర్వాత మొదలవుతుంది. తేమ తగిలితే ఆక్సీకరణమై గంధకామ్లం పుడుతుంది, పలక మీద పసుపు తెలుపు పొడి పూస్తుంది, లేబులూ అట్టపెట్టే పొడైపోతాయి. కడిగాక పూర్తిగా ఆరకుండా మూత పెట్టడమే దీనికి ఎక్కువసార్లు కారణం.

లెక్క కాగితం మీద మొక్కల గడుల పక్కన నేను రెండు గడులు అదనంగా పెట్టుకుంటాను. సీమ్ కింద ఏ నేల ఉంది, పైన ఏ రాయి ఉంది. పాత సేకరణల నుంచి వచ్చిన గుండ్లలో చాలావాటికి ఆ రెండు గడులూ ఖాళీగానే ఉంటాయి. వాటితో మొక్కల పని చేస్తాను, వాతావరణం పని చేయను.